పాలంపేట చరిత్ర రాయాలంటే గుడి ఒక్కటే చాలదు కదా, చెరువు సంగతి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఊరిపుస్తకం అడిగారు:

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని పాలంపేట మీద నలభై పేజీల చిన్న పుస్తకం తయారవుతోంది. బడిపిల్లలకు అర్థం కావాలి, రామప్ప గుడి చూడ్డానికి వచ్చినవాళ్లకూ పనికిరావాలి. ఇప్పటిదాకా పోగైనదంతా గుడి సమాచారమే. నక్షత్రాకారపు పీఠం, నల్లరాతి నాగినులు, నీళ్లలో తేలే ఇటుక, 2021లో యునెస్కో గుర్తింపు. ఇవి ఎక్కడ చూసినా దొరుకుతాయి. ఊరు గురించి, ఆ ఊరికి అన్నం పెట్టిన చెరువు గురించి మాత్రం రెండు పేరాలు కూడా లేవు.

తెలిసినవాళ్లు ఈ మూడు సంగతులు చెప్పండి. గుడీ చెరువూ ఒకే కాలానివని రాయొచ్చా? కాకతీయుల చెరువు ఎలా పనిచేస్తుందో కట్ట మీద నిలబడ్డవాడికి చూపించి చెప్పాలంటే ఏం చూపించాలి? నిజాం కాలం నుంచి ఊరి భూముల లెక్కలు ఏ కాగితాల్లో ఉంటాయి?

---

శాసనప్రియ జవాబు:

ముందు తేదీల విషయం. గుడి ఆవరణలోని శాసన స్తంభం మీద శక సంవత్సరం 1135 అని ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే 1213. తెలుగు సంవత్సరాల్లో అది శ్రీముఖ. దేవుడి పేరు రుద్రేశ్వరుడు, ప్రతిష్ఠించినవాడు రేచర్ల రుద్రుడు, ఏలుతున్న రాజు కాకతి గణపతిదేవుడు. ఇవన్నీ రాతి మీద ఉన్న మాటలు కాబట్టి ‘శాసనం చెబుతోంది’ అని ధైర్యంగా రాయండి. చెరువును కూడా రుద్రుడే, అదే కాలంలో కట్టించాడని అందరూ చెబుతారు. కాకతీయుల పద్ధతి చూస్తే అది నమ్మదగ్గదే. గుడి, ఊరు, చెరువు కలిపే కట్టేవాళ్లు. అయినా పుస్తకంలో ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేయకండి. ఒకదానికి ‘శాసనం చెబుతోంది’, రెండోదానికి ‘అని చెబుతారు’. ఈ తేడా బడిపిల్లలకు తప్పకుండా తెలియాలి.

చెరువుకు సొంత శాసనం ఉంటే ఎలా ఉంటుందో చూపించడానికి బయ్యారం చెరువు శాసనం పెట్టండి. అక్కడ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ చెరువు తవ్వించి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆ శాసనంలోనే కాకతీయుల వంశక్రమం కూడా దొరికింది. చెరువు శాసనం ఒక రాజవంశం చరిత్రకే ఆధారమైందన్నమాట.

రేచర్ల రుద్రుడి గురించి ఒక పేజీ కేటాయించండి. ఊరికి మూలపురుషుడు ఆయనే. దేవగిరి యాదవులతో యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవుడు చనిపోయి, కొడుకు గణపతిదేవుడు బందీగా ఉన్న రోజుల్లో రాజ్యం చీలిపోకుండా నిలబెట్టింది ఈ సేనానే. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కాడు. అంటే గుడి కట్టేనాటికి రాజ్యం కుదుటపడి పద్నాలుగేళ్లయింది. సేనాని చేతికి డబ్బూ తీరికా వచ్చిన కాలమది. ఇంటిపేరు చూసి రాచకొండ రేచర్ల పద్మనాయకులతో కలపకండి. వాళ్లు తర్వాతి శతాబ్దంలో వెలుగులోకి వచ్చిన వేరే వంశం. ఈ పొరపాటు చాలా కరపత్రాల్లో కనిపిస్తుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. రామప్ప అనే శిల్పి పేరు జనం నోట నిలిచిన పేరు, అలాగే రాయండి. మార్కో పోలో ఈ గుడిని ‘నక్షత్రమండలంలో ప్రకాశవంతమైన తార’ అన్నాడని ప్రతి బ్రోచర్లోనూ ఉంటుంది, దాన్ని వదిలేయండి. ఆయన రాసింది మోటుపల్లి రేవు గురించి, అక్కడి వజ్రాల గురించి, ఆ దేశాన్ని ఏలిన రాణి గురించి. పాలంపేట ఊసే లేదు.

---

తూముకాడ జవాబు:

రెండో ప్రశ్నకు. కట్ట మీదికి తీసుకెళ్లి ముందు నీళ్లవైపు కాదు, గుట్టలవైపు చూడమనండి. చుట్టూ గుట్టలు వాటంతటవే గిన్నెలా నిలబడ్డాయి, నీళ్లు జారిపోయే సందు ఒక్కటే ఉంది. ఆ సందును మూస్తే చాలు. రామప్పలోనూ, పాకాలలోనూ, లక్నవరంలోనూ చేసింది ఇదే. కొద్దిపాటి కట్ట, బోలెడు నీళ్లు. రామప్ప చెరువు నిల్వ సామర్థ్యం సుమారు 2.9 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దాన్ని అడుగు లోతున పరిస్తే దాదాపు 22,950 ఎకరాలు నిండుతాయి. పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి, 2.9తో వాళ్లే గుణించుకుంటారు.

ఆ తర్వాత భాగాలు చూపించండి. మన దగ్గర వాడే పేర్లే రాయండి: కట్ట, తూము (కాలువకు నీళ్లు వదిలేచోటు), మత్తడి (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయేచోటు), శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), ఆయకట్టు (చెరువు కింద సాగయ్యే భూమి). కోస్తావాళ్ల కోసం ‘మత్తడి అంటే అలుగు’ అని ఒకసారి చెబితే చాలు.

మట్టికట్ట అంటే మట్టి కుప్ప పోయడం కాదు. మధ్యలో నీరు దూరని జిగట మట్టి, రెండు పక్కలా మొరం కలిసిన గట్టి మట్టి. జానెడు మందం పొర పోసి, తడిపి, తొక్కించి, ఆ తర్వాతే పై పొర. ఒక్కసారే రెండడుగులు పోస్తే పైన గట్టిపడుతుంది, లోపల డొల్లగా మిగిలిపోతుంది, నీళ్లు అక్కడే దారి చేసుకుంటాయి. నీళ్లవైపు వాలు మీద రాళ్లు పేర్చడం అలలు మట్టిని కోసుకుపోకుండా. ఆ రాళ్ల కింద కంకర పొర లేకపోతే, నీటిమట్టం తగ్గినప్పుడల్లా రాళ్ల సందుల్లోంచి మట్టి జారిపోతుంది. కొన్నేళ్లకు రాతి పరుపు ఒకచోట కుంగి కనిపిస్తుంది. కట్ట మీద నడిచేటప్పుడు ఆ కుంగినచోటు చూపిస్తే లోపల ఏం జరిగిందో మాటల్లేకుండానే అర్థమవుతుంది.

తూము దగ్గర ఎక్కువసేపు ఆగండి. పాత పద్ధతి తూములో రెండు నిలువు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డరాళ్లు, ఆ అడ్డరాళ్ల బెజ్జాల్లోంచి దిగే పొడవాటి కర్ర, కర్ర చివర బిరడా. అడుగున రాతి పలకలో గుండ్రటి రంధ్రం. బిరడా ఎంత పైకి లేపితే అన్ని నీళ్లు. ఆ నీళ్లు కట్ట కింద రాతి సొరంగంలోంచి కాలువలోకి వెళతాయి. దాన్ని ఎప్పుడు, ఎంత లేపాలో చూసుకునేవాడు నీరటి. పంటలో వాటా ఆయన కూలి. కాలువ చివరి పొలానికి నీళ్లు అందలేదంటే ఊరంతా నిలదీసేది ఆయన్నే. ఊరి చరిత్రలో రాజు పేరు పక్కనే రాయాల్సిన పని అది.

చెరువు ఎక్కువగా దెబ్బతినేదీ తూము దగ్గరే. రాయీ మట్టీ ఒకదానికొకటి పూర్తిగా అతుక్కోవు. సొరంగం బయటి గోడ వెంబడి నీరు సన్నగా పాకుతుంది. కట్ట వెనకాల ఊట కనబడితే గ్లాసులో పట్టి చూడాలి. తేటగా ఉంటే గుర్తు పెట్టుకుని రోజూ గమనించాలి. బురదగా ఉంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, అదే బుంగ. అప్పుడు చాలామంది చేసే పని బయట నీళ్లొచ్చే రంధ్రాన్ని మట్టితో మూసేయడం. అలా మూస్తే లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట పగులుతుంది. చేయాల్సింది ఇది: ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గోడ కట్టి, లోపల ముందు దొడ్డు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద రాయి వేయాలి. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు. అదే సమయంలో చెరువు లోపలివైపు సుడి తిరిగేచోటు వెతికి, జిగట మట్టి బస్తాలు దింపాలి.

కట్ట మీద చెట్లు అందంగా ఉంటాయని వదిలేయడం కూడా తప్పే. చెట్టు బతికున్నంతకాలం పర్వాలేదనిపిస్తుంది. నరికాక వేరు కుళ్లి, అది ఉన్నచోట గొట్టంలాంటి దారి మిగులుతుంది. ఎలుకలు, పీతలు చేసే బొరియలదీ ఇదే కథ.

ఇవన్నీ కొత్త ఇంజినీర్లు కనిపెట్టినవి కావు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో వరుసగా ఉన్నాయి. కట్టలోంచి నీరు కారడం మొదటి దోషం. చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం మిగతా అయిదు. పనికి వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బళ్లు, పూర్తికావడానికి రెండేళ్లు పట్టిందనీ అదే శాసనం చెబుతుంది. కాకతీయుల తర్వాతి కాలానిది, వేరే రాజ్యంలోది అయినా, రామప్పను ఈ ఆరు దోషాలతో సరిచూస్తూ ఒక పేజీ రాస్తే మీ పుస్తకంలో అదే మంచి పేజీ అవుతుంది.

---

నక్షా జవాబు:

మూడో ప్రశ్నకు. ఇప్పుడు ములుగు జిల్లా అయినా, అది ఏర్పడింది 2019 ఫిబ్రవరిలో. 2016 అక్టోబరు నుంచి జయశంకర్ భూపాలపల్లి, అంతకుముందు వరంగల్. కాబట్టి పాత కాగితాల్లో వరంగల్ జిల్లా కింద వెతకాలి. ఈ సంగతి తెలియక కొత్త జిల్లా ఆఫీసులో అడిగి ‘లేవు’ అన్న మాట విని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది.

వరుసగా చూడాల్సినవి: సేత్వార్, గ్రామ నక్షా (ఊరి పటం), ఖాస్రా పహాణీ, ఆ తర్వాత చేసాల పహాణీ (మూడేళ్ల పహాణీ). పహాణీ అంటే ఏ పొలం ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారు అని రాసే ఊరి లెక్క. సేత్వార్ అంటే తొలి సర్వే సెటిల్‌మెంట్ రికార్డు. ఏ సర్వే నంబరు ఎంత విస్తీర్ణం, తరీయా (నీటిపారుదల ఉన్నదా) ఖుష్కీయా (మెట్టా), శిఖం ఎంత, ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూమి) ఎంత అన్నీ తెలుస్తాయి. భాష ఉర్దూ, తేదీలు ఫస్లీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల్లో. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1340 అంటే 1930-31. పేజీలో ఏది ఏ నెల అన్నది తేలకపోతే ఇలా రెండేళ్లు కలిపే రాయండి, ఒక్క సంవత్సరానికి బిగించకండి.

మీకు అన్నిటికన్నా పనికొచ్చేది 1954-55 ఖాస్రా పహాణీ. నిజాం పాలన పోయాక ప్రతి పొలం దగ్గరికీ వెళ్లి, ఎవరి పట్టా, ఎవరు దున్నుతున్నారు అని రాసుకున్న రికార్డది. ఆ వెంటనే 1955లో తెలంగాణ ప్రాంతానికి ఇనాముల రద్దు చట్టం వచ్చింది. నీరటికీ, గుడి పూజారికీ, ఊరి పనివాళ్లకూ చేసే పనికి బదులుగా ఇచ్చిన భూములు ఆ చట్టానికి ముందు ఎలా ఉండేవో ఈ పహాణీలో కనిపిస్తుంది. చెరువును ఎవరు చూసుకునేవాళ్లు, అందుకు ఊరు వాళ్లకేం ఇచ్చేది అన్న ప్రశ్నకు అక్కడ సర్వే నంబర్లతో సహా జవాబు ఉంటుంది.

తహసీల్ ఆఫీసులో నకలు అడగండి. నక్షా కోసం జిల్లా సర్వే విభాగానికి వెళ్లాలి. నోటి మాటతో కాకుండా రాతపూర్వకంగా, ‘ఫలానా గ్రామం, ఫలానా సంవత్సరం ఖాస్రా పహాణీ, ఫలానా సర్వే నంబర్లు’ అని తేల్చి రాయండి. ‘మా ఊరి పాత రికార్డులన్నీ’ అని రాస్తే పక్కన పడేస్తారు. స్పందన లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిజాం కాలపు నీటిపారుదల ఫైళ్లకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. ఉర్దూ చేతిరాత, అందులోనూ షికస్తా (అక్షరాలు కలిపేసి వేగంగా రాసే రాత) చదవగలిగినవాళ్లు తోడుండాలి. అచ్చు ఉర్దూ వచ్చినంత మాత్రాన అది చదవలేరు.

ఒక్క హెచ్చరిక. పహాణీలో ఉన్న పేర్లను పుస్తకంలో అచ్చు వేయకండి. శిఖం భూముల గొడవలు ఇంకా నడుస్తుంటాయి. విస్తీర్ణాలు, ఇనాం రకాలు, పంటలు రాస్తే చాలు.

---

ఊరిపుస్తకం:

ముగ్గురికీ ధన్యవాదాలు. పోరుమామిళ్ల ఆరు దోషాల పేజీ ఖాయం. తూముకాడ గారూ, ఇంకో సందేహం. మత్తడిని ఒక్క అడుగు ఎత్తు పెంచితే అన్ని నీళ్లు ఎక్కువ నిలుస్తాయి కదా, ఎందుకు పెంచరు అని రైతులు అడుగుతారు. దీనికి పుస్తకంలో సూటిగా జవాబు ఉండాలి. ఇంకొకటి, చెరువు పాతకాలం కన్నా కుంచించుకుపోయిందా లేదా అన్నది ఎలా తేల్చాలి?

---

తూముకాడ జవాబు:

మత్తడి ఎత్తు ఒక్క నీళ్ల నిల్వ కోసమే పెట్టింది కాదు, కట్టను కాపాడడానికీ పెట్టింది. మత్తడి మీదుగా పోయే నీటి లెక్క ఇలా ఉంటుంది: మత్తడి పొడవు మీటర్లలో, దాని మీద పారే నీటి లోతును ఒకటిన్నర ఘాతానికి పెంచి గుణించి, 1.7తో మళ్లీ గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. ఉదాహరణకు 30 మీటర్ల మత్తడి అనుకోండి. అర మీటరు లోతున దుంకితే సెకనుకు 18 ఘనపు మీటర్లు, అంటే సుమారు 640 క్యూసెక్కులు. ఒక మీటరు లోతున దుంకితే 51 ఘనపు మీటర్లు, దాదాపు 1,800 క్యూసెక్కులు. లోతు రెట్టింపైతే నీరు దాదాపు మూడింతలు.

ఇప్పుడు మత్తడికీ కట్ట నెత్తికీ మధ్య రెండు మీటర్లు ఉందనుకోండి. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి అడుగు పెంచితే, వరద వచ్చిననాడు ఆ రెండు మీటర్లలోంచి అడుగు ముందే పోయినట్టు. అదే వరద పోవడానికి నీటికి అదే లోతు కావాలి, ఆ లోతు ఇప్పుడు కట్ట నెత్తికి అడుగు దగ్గరగా వస్తుంది. అలలు తోడైతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టికట్ట మీద నీరు పొర్లిందంటే వెనక వాలు కోసుకుపోయి గండి పడడానికి గంటలు చాలు. పైగా శిఖం అంచున ఉన్న పై రైతుల పొలాలు మునుగుతాయి.

వరద అంటే ఎంత అని అడిగితే, వాళ్ల మండలం అంకెనే చెప్పండి. 2023 జులై 26–27న వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఒక్కరోజులో అంత వాన నమోదు కాలేదు. ఆ లెక్కన ఒక చదరపు కిలోమీటరు మీద 6.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. 44 చదరపు కిలోమీటర్ల మీద అలా కురిస్తే ఒక టీఎంసీ. నేలలో కొంత ఇంకినా సరే, అలాంటి రోజున మత్తడి మీద అడుగు బస్తాలున్నాయా లేవా అన్నదే కట్ట నిలుస్తుందా లేదా అన్నది తేలుస్తుంది. గొలుసుకట్టు చెరువుల్లో అయితే పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారే కిందిచెరువు మీద పడతాయి. ఒక ఊరు బస్తాలు పెడితే దెబ్బ ఇంకో ఊరికి తగులుతుంది.

నీళ్లు ఎక్కువ కావాలంటే పెంచాల్సింది ఎత్తు కాదు, లోతు. పూడిక తీయాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆలోచన అదే. తీసిన ఒండ్రు పొలాలకు తోలుకుంటే ఎరువూ కలిసొస్తుంది. ఒక్క జాగ్రత్త, కట్ట అడుగుకు ఆనుకుని తవ్వకూడదు. అక్కడ తరతరాలుగా పేరుకున్న మెత్తటి ఒండ్రే కట్ట కిందుగా నీరు పోకుండా తాపడంలా పనిచేస్తుంటుంది. దాన్ని గీకేస్తే, మరుసటి వానాకాలం కట్ట వెనక కొత్త ఊటలు కనిపిస్తాయి.

---

నక్షా జవాబు:

చెరువు కుంచించుకుపోయిందా అన్నదానికి. గ్రామ నక్షాలో శిఖం హద్దు గీసి ఉంటుంది. దాన్ని స్కాన్ చేసి, ఇప్పటికీ కదలని గుర్తులు కనీసం నాలుగు పట్టుకుని ఉపగ్రహ చిత్రం మీద అమర్చండి. కట్ట రెండు కొనలు, గుడి మూలలు, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే సర్వే రాయి పనికొస్తాయి. బాటలు నమ్మకండి, అవి జరుగుతాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1970ల నుంచి, సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతాయి. మే నెల చిత్రాన్ని ఇంకో ఏటి అక్టోబరు చిత్రంతో పోల్చితే చెరువు ఎండినట్టే కనిపిస్తుంది, ఏమీ తేలదు. మత్తడి దుంకిన ఏళ్లు ఏవో ఊళ్లో అడిగి తెలుసుకుని, ఆ ఏళ్ల అక్టోబరు చిత్రాలనే తీసుకోండి. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు కూడా రామప్పకు వస్తున్నాయి కాబట్టి, ఆ నీళ్లు మొదలైన తర్వాతి ఏళ్లను అంతకుముందు వానతోనే నిండిన ఏళ్లతో కలిపి ఒకే గీతలో పెట్టకండి.

---

శాసనప్రియ జవాబు:

ఫొటోల విషయం ఒకటి మిగిలింది. గుడి రక్షిత కట్టడం. శాసనం అక్షరాలు తేలడానికి సుద్ద, పిండి, నూనె, పసుపు ఏదీ పూయొద్దు. కాగితం అద్ది అచ్చు తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. మీ పుస్తకానికి అది అక్కర్లేదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో తీయండి. నీడలో ఉంటే టార్చి లైటును రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వేయండి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పైనుంచి తీస్తే, ఒకదాంట్లో కనపడని గీత రెండోదాంట్లో దొరుకుతుంది. కొలత తెలియడానికి పక్కన స్కేలు పెట్టండి.

కట్ట మీదా పొలాల మధ్యా ఉన్న చిన్న గుళ్లకు కూడా పుస్తకంలో చోటివ్వండి. ప్రతిదానికీ నాలుగు వైపుల ఫొటో, ద్వారం మీది బొమ్మ, ఊళ్లో పిలిచే పేరు, జీపీఎస్ అంకెలు. కట్ట మైసమ్మకు ఎప్పుడు, ఎవరు చేస్తారో కూడా రాయండి. చెరువు నిండినప్పుడు చేసే కొలుపులో ఎవరెవరి వంతు ఏమిటన్నది, నక్షా గారు చెప్పిన ఇనాం భూముల జాబితా పక్కన పెట్టి చూడండి. పని పోయినా వంతు మిగిలినచోట్లు కొన్ని తప్పకుండా బయటపడతాయి.